సూర్యకాంతిని శోధించిన జాన్సెన్ పండితుడు

గుంటూరు పట్టణమును గూర్చి మనవారు గర్వముతో చెప్పుకొను మాట యొకటి కలదు. హీలియమను మూలపదార్థము 1868వ సంవత్సరమున గుంటూరులోనే కనిపెట్టబడెనని యా మాట. దీనిని మేము పలుమారులు వినియుంటిమి, అచ్చులోను చూచియుంటిమి. ఇందు కొంత నిజము, కొంత పొరపాటు కలదు. ఆ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన ఫ్రాన్సు దేశీయుడగు జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు గుంటూరులో నిలిచి సంపూర్ణ సూర్యగ్రహణమును చూచిన మాట నిజము. అచ్చట ఆయన గొప్ప విషయమొకటి కనుగొనిన మాటయు నిజమే. కాని యా విషయము హీలియము కాదు. అది యేమో, దానికొరకాయన యెట్టి దేహముతో ఎంత దూరము వచ్చెనో తెలిసికొనినచో, ఆయనకు లేని గొప్పను కట్టబెట్ట నక్కరలేదని చదువరులే యొప్పుకొందురు.

పియెర్ జూల్ సెజార్ జాన్సెన్ 1824వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి సంగీత విద్వాంసుడు. తల్లి యొక భవననిర్మాణ శిల్పి కొమార్తె. పసితనమున దాది యజాగ్రత్తవలన కలిగిన ప్రమాదముచే బాలుని కాలు చెడిపోయెను. నాటినుండి జీవితాంతము ఆయన కుంటుచునే నడువవలసివచ్చెను. ఈ కారణముచే తలిదండ్రులాయనను బడికి పంపలేదు. బడిలేని బాల్యము ఎంత హాయియో యని మన విద్యార్థులలో కొందరు తలపవచ్చును. అట్లు తప్పిపోయిన చదువును సంపాదించుకొనుటకు జాన్సెన్ తన యౌవనమునంతటిని వెచ్చింపవలసి వచ్చెనని వారికి మనవి చేయుచున్నాము. ఇంటి యార్థికస్థితి తగ్గుటచే 1840లో, అనగా పదునారేండ్ల ప్రాయమున, ఆయన యొక బ్యాంకిలో ఉద్యోగమున చేరెను. అందు సుమారు ఎనిమిదేండ్లు లెక్కలు వ్రాసెను. తీరిక వేళల చదువుకొని, యిరువదియెనిమిదవ యేట, 1852లో, విశ్వవిద్యాలయ పట్టమును పొందెను. పిమ్మట కొంతకాలము పాఠశాలలో గణితోపాధ్యాయునికి బదులుగా పని చేసెను.

1857లో దక్షిణామెరికాయందలి పెరూ దేశమునకు పోయి, భూమియొక్క అయస్కాంత మధ్యరేఖను నిర్ణయించు పనికి పూనుకొనెను గాని, అడవులలో తీవ్రమగు జబ్బుపడి స్వదేశమునకు మరలెను. 1860లో డాక్టరు పట్టము లభించెను. అందుకొరకాయన వ్రాసిన గ్రంథము ఆకాశమునకు సంబంధించినది కాదు. కంటిలోని ద్రవములు వేడికిరణములను పీల్చి లోపలి పొరను ఎట్లు కాపాడునో విచారించిన గ్రంథమది. అయినను కాంతి యేదో యొక వస్తువుగుండ వచ్చునపుడు అందేమి తగ్గిపోవునను ప్రశ్న అప్పుడే ఆయన మనస్సున నాటుకొనెను. తరువాతి నలువదియేండ్ల పనియంతయు ఆ ప్రశ్న నుండి పుట్టినదనియే మా యభిప్రాయము.

ఇచ్చట కొంచెము శాస్త్రము చెప్పక తప్పదు. సూర్యకాంతిని సన్నని సందుగుండ పంపి, గాజు పట్టకముచే విడదీసినచో, ఎరుపు మొదలు ఊదావరకు రంగుల పట్టీ యేర్పడును. దీనినే వర్ణపటమందురు. 1814లో ఫ్రౌన్‌హోఫర్ అను జర్మను పనివాడు ఈ పట్టీని శ్రద్ధగా పరీక్షించి, దానికి అడ్డముగా వందలకొలది నల్లని గీతలుండుట చూచెను. వాటి యర్థము ఆనాడెవరికిని తెలియలేదు. 1859లో హైడెల్బర్గు నగరమున కిర్ఖాఫ్, బున్సెన్ అను ఇరువురు పండితులు దాని గుట్టు విప్పిరి. పొయ్యిలో ఉప్పు పడినపుడు మంట పసుపుపచ్చనగుట మన యిండ్లలో అందరును ఎరుగుదురు. ఆ పసుపు కాంతిని పట్టకముగుండ చూచినచో రెండు సన్నని మెరుపు గీతలు మాత్రమే కన్పట్టును. అవి ఉప్పులోని సోడియమువి. ప్రతి మూలపదార్థమునకును ఇట్టి గీతలు, వేలిముద్రలవలె, వేరువేరుగా నుండును. వేడెక్కిన వాయువు తానై వెలుగునపుడు ఆ గీతలు మెరయుచుండును. అంతకన్న వేడియగు వస్తువు కాంతి ఆ వాయువుగుండ వచ్చినపుడు అవే గీతలు నల్లబడును. కావున సూర్యుని చేరకయే, సూర్యునిలో ఏ పదార్థములున్నవో యిచ్చట కూర్చుండి చెప్పుటకు వీలు కలిగెను. తొమ్మిదికోట్ల మైళ్లకు పైబడిన దూరమున, పట్టుకొన వీలుకాని వస్తువును ఈ విధముగా పరీక్షించుట సాధ్యమగునని అంతకు పూర్వము ఎవరును ఊహించియుండలేదు.

కాని యిందొక చిక్కు కలదు. సూర్యుని కాంతి మన కంటికి చేరుటకు ముందు మన గాలిగుండ రావలయును. అప్పుడు నల్లగీతలలో ఏవి సూర్యునివి, ఏవి మన గాలివి? ఈ లెక్క తేలనిచో, మన నీటి యావిరిని సూర్యునికి అంటగట్టి, అక్కడ నీరున్నదని చెప్పవచ్చును. సూర్యుడు అస్తమించుచున్నపుడు కొన్ని గీతలు చిక్కబడునని బ్రూస్టర్ అను స్కాట్లాండు పండితుడు ముందే గమనించియుండెను. జాన్సెన్ మరింత సున్నితమగు పరికరమును కూర్చుకొని, ఆ గీతలు ఉదయసాయంకాలములందే కాక దినమంతయు నుండుననియు, సూర్యుడు దిగజారిన కొలది, అనగా కాంతి దాటవలసిన గాలి పెరిగిన కొలది, అవి నల్లబడుననియు చూపెను.

అంతటితో తృప్తిపడక, 1864లో ఆయన స్విట్జర్లాండులోని ఫౌల్‌హార్న్ శిఖరమెక్కెను. సుమారు 2,680 మీటర్ల యెత్తున గాలి తగ్గిన మేరకు ఆ గీతలు పలుచబడెను. తరువాత జెనీవా సరస్సు గట్టున నీయోన్ గ్రామములో దేవదారు కట్టెల మంట పెట్టించి, 21 కిలోమీటర్ల దూరమునున్న జెనీవా నగరమునుండి దానిని చూచెను. దగ్గరనుండి చూచినపుడు ఆ మంట వర్ణపటములో లేని గీతలు, అంత తడిగాలిని దాటి వచ్చినపుడు కనబడెను. ఇక గాలిలోని యే భాగము ఆ పని చేయుచున్నదో తేలవలయును. 1866లో పారిస్ నగరపు లా విలెట్ గ్యాసు కర్మాగారములో 37 మీటర్ల పొడవుగల యినుప గొట్టమును ఆవిరితో నింపి, ఒక చివర దీపములుంచి, రెండవ చివరనుండి చూచెను. అవే గీతలు! మన గాలిలోని నీటియావిరియే వాటికి ముఖ్యకారణమని ఋజువయ్యెను. కొండ, సరస్సు, గ్యాసు కొట్టు, ఈ మూడు చోట్ల ఒకే ప్రశ్నను మూడు విధముల అడిగిన యీ పద్ధతిని మన విద్యార్థులు తమ ప్రయోగశాలలో జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము. ఒక్కసారి వచ్చిన జవాబును నమ్మని వాడే జాన్సెన్.

నమ్మి మోసపోయిన సందర్భమును దాచుట న్యాయము కాదు. 1867లో ఆయన సిసిలీ ద్వీపమున ఎట్నా అగ్నిపర్వతముపైకి పోయి, అంగారక గ్రహపు కాంతిని పరీక్షించి, ఆ గ్రహముపై నీటియావిరి కలదని ప్రకటించెను. ఉపాయము మంచిదే. కొండమీద మన యావిరి తక్కువగా నుండును. అచ్చట అంగారకుని వర్ణపటములో ఆవిరి గీతలు కన్పట్టినచో అవి యా గ్రహమువని తలపవచ్చును. కాని 1894లో అమెరికాలోని లిక్ వేధశాలయందు కాంబెల్ పండితుడు అంగారకుని వర్ణపటమును, గాలియే లేని చంద్రుని వర్ణపటమును ప్రక్కప్రక్కన పోల్చి, రెంటికిని భేదము లేదని చూపెను. అంగారకునిపై ఆవిరి యున్న మాట 1963లో నిశ్చయముగా తేలినది. అది యెంతో స్వల్పము. జాన్సెన్ పరికరమునకు అందునంత కాదు. మన గాలిని లెక్కలోనుండి తీసివేయుట ఎంత కష్టమో, దానిని అందరికన్న బాగుగా ఎరిగిన వానికే యీ పొరపాటు కలిగినదన్నచో, చదువరులు గ్రహింపగలరు.

ఇక గుంటూరు విషయము. సంపూర్ణ గ్రహణ సమయమున చంద్రుడు సూర్యబింబమును మూసినపుడు, అంచున ఎర్రని నాలుకలవంటి జ్వాలలు కనబడును. అవి చంద్రునివా సూర్యునివా యను తగవు 1860 నాటి గ్రహణమునందు తీసిన ఛాయాచిత్రములవలన తీరినది. అవి సూర్యునివే. కాని యవి ఏమిటి? మేఘములా, వాయువా, కొండలా? అది తెలియలేదు. 1868 ఆగస్టు గ్రహణము మిక్కిలి దీర్ఘమైనది. దాని నీడ అరేబియా దేశమునుండి మన దేశముమీదుగా సయాం దేశమువైపు సాగినది. ఫ్రెంచి ప్రభుత్వము, ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు కలిసి జాన్సెన్‌ను హిందూదేశమునకు పంపిరి. చెన్నపట్టణపు గవర్నరు ఆయనకు సహాయము చేసెను. సముద్రతీరమున పొగమంచు, కొండలయొద్ద మబ్బులు అడ్డుపడునని యెంచి, రెంటికిని మధ్యనున్న గుంటూరును ఆయన కోరుకొనెను. అచ్చట వ్యాపారము చేయుచున్న ఫ్రెంచివర్తకు డొకడు తన మేడ నిచ్చెను. ఆ పట్టణమునకే మేజర్ టెనెంట్ అను ఆంగ్లేయాధికారి వేరొక బృందముతో వచ్చి, ఛాయాచిత్రములు తీయుటకు సిద్ధముగా నుండెను. చెన్నపట్టణ వేధశాలాధిపతియగు పాగ్సన్ మచిలీపట్టణమున దిగెను. ఆ దినమున ఆకాశశాస్త్రజ్ఞుల చూపు కృష్ణామండలముపై నిలిచినదని చెప్పుట అతిశయోక్తి కానేరదు.

ఆగస్టు మాసము మన దేశమున వానకాలము. గ్రహణమునాటి యుదయము పలుచని మబ్బు కొంత యున్నను సూర్యుడు బయటపడెను. సంపూర్ణగ్రహణము ఐదు నిమిషములకు పైగా నిలిచెను. ఐదు నిమిషములు! అందుకొరకై నెలల ప్రయాణము. జాన్సెన్ తన దూరదర్శినికి అమర్చిన వర్ణపటదర్శిని సందును జ్వాలపై నిలిపి చూచెను. కంటికి కనబడినది రంగుల పట్టీ కాదు, కొన్ని మెరుపు గీతలు మాత్రమే. అందొకటి ఎర్రనిది, ఒకటి నీలిపచ్చనిది. అవి రెండును హైడ్రోజను వాయువునకు చెందినవి. జ్వాలలు ఘనవస్తువులు గాని మేఘములు గాని కావు, వెలుగుచున్న వాయువు, అందు ముఖ్యముగా హైడ్రోజను, అని ఆ క్షణమున తేలిపోయెను. నాడు కనబడిన యొక జ్వాల ఎత్తు సూర్యబింబ వ్యాసములో సుమారు పదవవంతు. సూర్యుని వ్యాసము 13 లక్షల 92 వేల కిలోమీటర్లు. కావున ఆ జ్వాల లక్ష కిలోమీటర్లకు పైబడినది. భూగోళమువంటివి పది యొకదానిపై నొకటి పేర్చిన యెత్తు.

కాని జాన్సెన్‌ను వేరొక సంగతి పట్టుకొనెను. ఆ గీతలు అంత ప్రకాశముగా నున్నపుడు, గ్రహణము లేకయే వాటిని చూడరాదా యని ఆయనకు తోచెను. మామూలు దినములలో జ్వాలలు కనబడకపోవుటకు కారణము అవి మసకగా నుండుట కాదు. సూర్యుని చుట్టునున్న మన గాలి వెలుగుతో నిండి వాటిని ముంచివేయుటయే. ఇక్కడ పట్టకము చేయు మేలేమో చూడుడు. ఒక కుంచము శనగలను విశాలమైన కళ్లమంతట పలుచగా చల్లినచో అవి కంటికి ఆనవు. అంతే శనగలను నాలుగు కుప్పలుగా పోసినచో దూరమునుండియు కన్పట్టును. ఆకాశపు వెలుగులో అన్ని రంగులును కలవు. పట్టకము దానిని పొడవునను చల్లి పలుచన చేయును. జ్వాల వెలుగు కొద్ది గీతలలోనే యున్నది. దానిని పట్టకము ఎంత సాగదీసినను ఆ గీతలు కుప్పలవలె అట్లే యుండును. కావున గీతలే గెలుచును.

ఆనాటి మధ్యాహ్నము మబ్బు క్రమ్ముటచే ప్రయత్నము సాగలేదు. మరునాడు, ఆగస్టు 19వ తేదీ ఉదయమున, జాన్సెన్ సందును సూర్యుని అంచునకు చేర్చి చూచెను. ఎర్రని గీత మెరసెను. గ్రహణము లేదు, చంద్రుడు లేడు, పట్టపగలు సూర్యుడు వెలుగుచుండెను. సందును కొంచెము కొంచెముగా జరుపుచు, గీత పొడవును బట్టి జ్వాలయొక్క ఆకారమును ఆయన గుర్తించుకొనెను. ముందునాడు చూచిన జ్వాలలు ఒక్క రాత్రిలో ఎంతో మారిపోయియుండుట కనుగొనెను. పదునేడు దినములు గుంటూరులోనే యుండి ఇట్లు చూచుచు పోయెను. అంతకుముందు మానవులు జ్వాలలను ఏండ్లకొకసారి, కొన్ని నిమిషములపాటు చూచిరి. గుంటూరు తరువాత సూర్యుడున్న ప్రతిదినమును చూడగలిగిరి. మా దృష్టిలో ఆ పట్టణమునకు గర్వకారణము ఇదియే.

ఈ వార్తను తెలుపుచు ఆయన సెప్టెంబరు 19వ తేదీన కాకినాడనుండి పారిస్ పరిషత్తునకు లేఖ వ్రాసెను. ఓడలమీద ఆ లేఖ చేరునప్పటికి అక్టోబరు మాసము వచ్చెను. ఈలోగా ఇంగ్లాండులో నార్మన్ లాక్యర్ అను శాస్త్రజ్ఞుడు, గ్రహణము చూడకయే, ఇదే యుపాయమును తానుగా ఆలోచించి, ఎంతో ఆలస్యముగా చేతికి వచ్చిన పరికరముతో అక్టోబరు 20వ తేదీన జ్వాలల గీతలను చూచెను. ఇరువురి లేఖలును అక్టోబరు 26వ తేదీన పరిషత్తులో ఒకే సభయందు చదువబడెను. ఎవరు ముందని కలహించుటకు ఇంతకన్న మంచి యవకాశము దొరకదు. అట్లు జరుగలేదు. ఫ్రెంచివారు ఇరువురి ముఖములును గల పతకమును పోయించిరి. ఆ ఇరువురును జీవితాంతము స్నేహితులుగా నుండిరి.

హీలియము మాట యిప్పుడు చెప్పవచ్చును. ఆ గ్రహణమునందు పసుపుపచ్చని గీత నొకదానిని పలువురు చూచి, ఉప్పులోని సోడియముదని తలచిరి. మచిలీపట్టణమున పాగ్సన్, అది సోడియము గీతకు సరిగా సరిపడలేదని గమనించెను. లాక్యర్ ఇంగ్లాండులో శ్రద్ధగా కొలిచి, అది భూమిమీద తెలిసిన యే పదార్థమునకును చెందదని తేల్చి, సూర్యుని గ్రీకు పేరునుబట్టి హీలియమని నామకరణము చేసెను. అనేకులు నమ్మలేదు. 1895లో రామ్సే పండితుడు యురేనియము గల యొక ఖనిజమునుండి అదే గీత నిచ్చు వాయువును తీసినపుడు సందేహము తీరినది. నేడు సూర్యుని బరువులో సుమారు నాలుగవవంతు హీలియమే యని తెలియును. జాన్సెన్ ఆ గీతను వేరుగా గుర్తించినట్లు గుంటూరు లేఖలలో లేదు.

1870 డిసెంబరులో మరియొక గ్రహణము ఆఫ్రికా ఉత్తరతీరమున కనబడవలసియుండెను. అప్పుడు జాన్సెన్ పారిస్‌లో నుండెను. జర్మను సైన్యములు నగరమును ముట్టడించియుండెను. బయటికి పోవు దారిలేదు. ఆంగ్ల శాస్త్రజ్ఞులు శత్రువులనుండి అనుమతి తెప్పింపజూచిరి గాని ఆయన దానిని కోరలేదు. డిసెంబరు 2వ తేదీ తెల్లవారుజామున, పరికరములను విప్పి మూటగట్టుకొని, ఒక నావికుని తోడుగొని, వోల్టా అను పేరుగల బుడగవిమానమునెక్కి, శత్రుసేనల తలలమీదుగా సాగి, సముద్రము సమీపించుచుండగా దిగెను. అటనుండి ఆల్జీరియా దేశమందలి ఒరాన్ నగరమునకు సకాలములో చేరెను. గ్రహణమునాడు మబ్బు పట్టినది. ఆయన చూచినది ఏమియు లేదు. ప్రాణములకు తెగించి పోయిన వానికి ప్రకృతి యిచ్చిన బహుమానమది!

మరుసటి యేడు, 1871 డిసెంబరు 12వ తేదీన, ఆయన తిరిగి హిందూదేశమునకు వచ్చి, నీలగిరులయందలి షోలూరునుండి గ్రహణమును చూచెను. ఈసారి ఆకాశము నిర్మలము. గ్రహణసమయమున సూర్యుని చుట్టు కనబడు తెల్లని వలయమును కరోనా యందురు. దానిలో హైడ్రోజను గీతలతోబాటు, సూర్యకాంతిలోని నల్లగీతలు కొన్ని మసకగా నుండుట ఆయన గుర్తించెను. నల్లగీతలుండుట చేత ఆ వెలుగులో కొంతభాగము సూర్యునినుండి పడి మరలినదని తేలినది. అనగా సూర్యుని పరిసరములందు కాంతిని త్రిప్పికొట్టు పదార్థము కలదు. ఆ భాగమును అంతరాళమందలి ధూళి కలిగించుచున్నదని నేడు తెలియును.

జ్వాల యెత్తును కిలోమీటర్లలో చెప్పుటకు సూర్యుని దూరము తెలియవలయునని పైన చెప్పిన లెక్కవలననే విశదము. సూర్యుడు మనకు అర డిగ్రీ వెడల్పున కనబడును. దూరములో సుమారు 107వ వంతు వ్యాసమని దాని యర్థము. దూరము తెలియక వ్యాసము లేదు, వ్యాసము తెలియక జ్వాల యెత్తు లేదు. దూరమును కొలుచుటకు ఆ కాలమున శ్రేష్ఠమని యెంచిన మార్గము శుక్రుడు సూర్యబింబముమీదుగా పోవుటను వేరువేరు దేశములనుండి చూచుట. 1874 డిసెంబరు 9వ తేదీన అట్టి సంఘటన జరుగగా, జాన్సెన్ జపాను దేశమున నాగసాకియందు నిలిచెను. శుక్రుడు సూర్యుని అంచును తాకు క్షణమును కన్ను సరిగా పట్టలేదు. అందుకని, రివాల్వరు తుపాకిలో గుండ్ల చక్రము తిరుగునట్లు ఛాయాచిత్రపు పలకను త్రిప్పి, 72 సెకండ్లలో 48 చిత్రములు వరుసగా తీయు యంత్రమును ఆయన కల్పించెను. దూరపు కొలత విషయమున ఆ సంవత్సరపు ఫలితములు ఎవరికిని అంతగా తృప్తినీయలేదు. శుక్రుని అంచు సూర్యుని అంచునకు అంటుకొనినట్లు సాగుటచే క్షణము తేలలేదు. అయితే కదలుచున్న వస్తువును వరుసచిత్రములలో బంధించిన యీ యంత్రము సినిమాకు పూర్వులలో నొకటిగా పేరొందినది. తెరమీద బొమ్మలాటకు పరుగెత్తు మన బాలురకు ఇది వింతగా తోచవచ్చును.

1876 మొదలు పారిస్ దాపుననున్న మ్యూడాన్‌లో, యుద్ధకాలమున కాలిపోయిన రాజభవనపు తోటయందు, ప్రభుత్వమాయనకు వేధశాల నెలకొల్పి యిచ్చెను. మరణమువరకు ఆయనయే దాని యధిపతి. అచ్చట సెకండులో వేయవవంతుకన్న తక్కువ కాలములో సూర్యుని ఛాయాచిత్రములు తీసి, సూర్యతలము బియ్యపు గింజలు పరచినట్లు కనబడుటను స్పష్టముగా చూపెను. ఆ గింజ యొక్కొక్కటి సుమారు వేయి కిలోమీటర్ల వెడల్పుగలదనియు, క్రిందినుండి వేడివాయువు పొంగుటచే పుట్టి కొన్ని నిమిషములలో మాయమగుననియు నేటి శాస్త్రము చెప్పుచున్నది. 1904లో ఆయన ప్రకటించిన సూర్యచిత్ర సంపుటము దాదాపు ముప్పదియేండ్లలో తీసిన ఆరువేలకు పైబడిన ఛాయాచిత్రములనుండి యేర్చి కూర్చినది.

వృద్ధాప్యమునను పాత ప్రశ్న ఆయనను వదలలేదు. ఈసారి నీటియావిరి కాదు, ఆమ్లజని. సూర్యకాంతిలో ఆమ్లజని వాయువునకు చెందిన నల్లపట్టీలు కలవు. అవి సూర్యునివా, మన గాలివా? 1889లో పారిస్‌లో ఈఫిల్ గోపురము లేచెను. దాని కొనయందలి విద్యుద్దీపమును సుమారు 7,700 మీటర్ల దూరమునున్న మ్యూడాన్‌నుండి ఆయన పరీక్షించెను. మన వాయుమండలమునంతటిని నేలమీది చిక్కదనమునకు అదిమినచో, దాని మందము కూడ ఇంచుమించు ఎనిమిది కిలోమీటర్లే యగును. కావున ఆ దీపము నెత్తిమీది సూర్యుడంత గాలిని దాటి వచ్చినట్లు లెక్క. దీపములో ఆమ్లజని యేమియు లేదు. అయినను సూర్యునిలో కనబడినంతగా ఆ పట్టీలు కనబడెను.

దిగువనుండి చూచినది పైనుండియు చూడవలెనని, 1890లో, అరువదియారేండ్ల వయసున, ఆ కుంటికాలితో మోన్ బ్లాన్ శిఖరమెక్కబూనెను. అది 4,807 మీటర్ల యెత్తు. ఎల్లప్పుడు మంచుతో కప్పబడియుండును. నడువలేడు గనుక ఆయనను నిచ్చెనవంటి మోతసాధనము మీదను, మంచుబండి మీదను కూర్చుండబెట్టి, కొండదారి తెలిసిన కూలీలు త్రాళ్లతో లాగిరి. నడుమ తుపాను వచ్చి దినములకొలది ఒక గుడిసెలో చిక్కుకొనిరి. శిఖరమున, పైకి పోయిన కొలది పట్టీలు పలుచబడుట కన్నులార చూచెను. ఆ పట్టీలు మన గాలివే. (సూర్యునిలో ఆమ్లజని యసలే లేదని దీని యర్థము కాదు. అది పరమాణువుల రూపమున కొద్దిగా కలదని తరువాతి కాలమున వేరు గీతలవలన తేలినది.)

అంతటితో మానక, ఆ శిఖరముననే వేధశాల కట్టవలెనని సంకల్పించెను. మంచును త్రవ్వి చూడగా రాయి తగులలేదు. గట్టిపడిన మంచులోనే పునాది దింపి, కూలీలు వీపులమీద మోసికొని వచ్చిన కొయ్యభాగములతో 1893లో కట్టడమును నిలిపిరి. అరువదితొమ్మిదేండ్ల వయసున ఆయన మరల పైకి పోయి కొన్ని దినములు అందుండెను.

1907వ సంవత్సరము డిసెంబరు 23వ తేదీన జాన్సెన్ మ్యూడాన్‌లో కాలధర్మము చెందెను. మంచు నెమ్మదిగా కదలి క్రుంగుటచే శిఖరముమీది కట్టడము ఒరిగిపోయి, 1909లో విడిచిపెట్టబడెను. మ్యూడాన్ వేధశాల మాత్రము నిలిచినది. అచ్చట గుంటూరులో మెరసిన ఆ ఎర్రని హైడ్రోజను గీత వెలుగుతోనే, మబ్బులేని దినములయందు, సూర్యుని చిత్రములు నేటికిని తీయుచున్నారు.